కాఫీ తొట్టి నిండిన రోజు

పోయిన ఆదివారం మా గుడి వెనక కొత్తగా కట్టిన బాప్తిస్మపు తొట్టిని ప్రార్థనతో ప్రారంభించారు. లోపలంతా నీలం రంగు టైల్సు, దిగడానికి మెట్లు, కాలు జారకుండా పట్టుకోవడానికి స్టీలు కమ్మి, పైన రేకుల కప్పు, అన్నీ ముచ్చటగా కుదిరాయి. పెద్దవయసు వాళ్లందరికీ ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలు వేస్తే నాకూ ఒకటి దొరికింది. పాస్టరుగారు తల ఊపగానే ఎవరో మోటారు మీట నొక్కారు, గొట్టంలోంచి నీళ్లు దూకాయి, పిల్లలు కేరింతలు కొట్టారు, కుర్రకారంతా ఫోన్లు పైకెత్తి ఫోటోలు తీసుకున్నారు. ఆ తడిసిన కొత్త సిమెంటు వాసన నా ముక్కుకి తగిలిందో లేదో, దాన్ని తోసుకుంటూ ఇంకో వాసన వచ్చింది, పులిసిన కాఫీ తొక్కల వాసన. ఆ చుట్టుపక్కల కాఫీ తొక్క అన్నది లేదు, కాఫీ కాలమూ కాదు. పక్కన కూర్చున్న మా కోడలు ఏమిటత్తయ్యా అలా వాసన చూస్తున్నారని అడిగితే ఏమీ లేదమ్మా అనేశాను గాని, ఆ మోటారు రొదలో కూర్చుని చెప్పే సంగతి కాదది. నా ఈడు వాళ్లు, అప్పటి గుడులు ఎలా ఉండేవో ఎరిగిన వాళ్లు చదువుతారని ఇక్కడ రాస్తున్నాను.

అరకు సంత నుంచి బాగా లోపలికి, రెండు కొండల నడుమ ఒదిగిన ఊరు మాది. ఊరి అడుగున గెడ్డ, అంటే కొండవాగు. చలికాలంలో చీలమండలు తడిపి ఊరుకునే ఆ గెడ్డ, వానాకాలంలో పైకొండ మీద ఎక్కడో వాన పడితే చాలు, ఇక్కడ ఎండ కాస్తుండగానే ఒక్కసారిగా ఎర్రగా పొంగి వచ్చేది. గెడ్డకి ఇవతల మా ఇళ్లూ మా గుడీ, అవతల బడీ సంత దారీ. ఇంట్లో మా కొండ భాష, గుడిలో తెలుగు, సంతలో రెండూ కలగలిసిన మాట. గుడి అంటే పెద్ద కట్టడమేమీ కాదు, మట్టిగోడలు, పెంకులు, పేడతో అలికిన నేల, వెనక రెండు బల్లలు. అయినా ఆదివారం తెల్లవారేసరికి మంచులో తడిసిన గొంగళ్లు కప్పుకుని చుట్టుపక్కల పల్లెల వాళ్లంతా కొండ దిగి వచ్చేవాళ్లు.

మా సంఘంలో ఒక మంచి అలవాటు ఉండేది. పాటలయ్యాక, ప్రసంగానికి ముందు, పాస్టరుగారు తన కుర్చీలో కూర్చునేవారు. అప్పుడు ఒక్కో పల్లె నుంచి ఒక్కొక్కరు లేచి తమ వాళ్ల కబురు చెప్పాలి. ఎవరింట బిడ్డ పుట్టింది, ఎవరికి చలిజ్వరం, ఎవరి ఆవు ఈనింది, సాలూరు లారీలో పనికెళ్లిన కుర్రాడు క్షేమంగా తిరిగొచ్చాడా, మాటలు మానేసిన అన్నదమ్ములు మళ్లీ ఒక పొయ్యి దగ్గర కూర్చున్నారా, ఇవన్నీ అక్కడ చెప్పుకోవలసినవే. ప్రతి కబురు తరవాతా సంఘమంతా ఒక్క గొంతుతో "విన్నాం" అనేది. ఆ ఒక్క మాటలో చాలా ఉండేది. విన్నాం అన్నాక ఆ కబురు ఆ ఇంటిది మాత్రమే కాదు, అందరిదీ. జ్వరమని విన్నవాళ్లు సాయంత్రానికి చోడి అంబలి పట్టుకుని ఆ గుమ్మంలో ఉండాలి. ఆవు ఈనిందని విన్నవాళ్లు జున్ను కోసం ఉండాలి. ఒకసారి విన్నాం అనిపించుకున్న మాటని వెనక్కి తీసుకోవడం ఎవరూ ఎరగరు. అందుకే ఒక కట్టుబాటు కూడా ఉండేది, ఇంటివాళ్లని అడక్కుండా ఆ ఇంటి కబురు చెప్పకూడదు.

ఆ రెండు బల్లల్లో తలుపు పక్కనున్న దాని చివర మా నాయనమ్మ కూర్చునేది. పాటలన్నీ ఆమెకి నోటికి వచ్చు. గుడి అలకడం, పూలు తేవడం, పాస్టరమ్మగారికి వంటచెరుకు మోసుకెళ్లడం, అన్నిటా ఆమే ముందు. కాని నెలకొకసారి ప్రభువు బల్ల జరిగే ఆదివారం, పాస్టరమ్మగారు ఇంట్లో కాల్చి తెచ్చిన రొట్టె మీద తెల్లగుడ్డ తీసే వేళకి, నాయనమ్మ చప్పుడు చేయకుండా లేచి బయటికి వెళ్లి మెట్టు మీద కూర్చునేది. బాప్తిస్మం తీసుకున్న వాళ్లకే ఆ రొట్టె. ఆమె తీసుకోలేదు. తాతయ్య తీసుకున్నాడు, నాన్న, చిన్నాన్న, కోడలిగా వచ్చిన మా అమ్మ, అందరూ తీసుకున్నారు. ఆమె చేతులతో అలికిన నేల మీద మోకరించి అందరూ రొట్టె తింటుంటే ఆమె వీపు మాత్రం తలుపు సందులోంచి కనిపించేది. చిన్నపిల్లని కాబట్టి నాకూ రొట్టె లేదు, అందుకని నేనూ వెళ్లి ఆమె పక్కన మెట్టు మీద చేరేదాన్ని. కొంగు ముడిలోంచి ఎండు ఉసిరి ముక్క తీసి నా చేతిలో పెట్టేది. లోపల వాళ్లకి రొట్టె, బయట మనకి ఉసిరి అని నవ్వేది గాని, ఆ నవ్వు కళ్లదాకా వెళ్లేది కాదని ఇప్పుడు తెలుస్తోంది.

కారణం ఊరందరికీ తెలుసు, నోరెత్తి ఎవరూ అనరు. మా నాన్న కంటే ముందు ఆమెకొక ఆడపిల్ల ఉండేది. మేకలు తోలుకుని ఇంటికి వస్తున్న ఆ బిడ్డని, ఎండ కాస్తున్న ఒక మధ్యాహ్నం, గెడ్డ తీసుకుపోయింది. ఆ రోజు నుంచి నాయనమ్మ గెడ్డలో కాలు పెట్టలేదు. సంతకి వెళ్లాలంటే గెడ్డ దాటితే దగ్గర, ఆమె మాత్రం చీకటితో లేచి కొండ చుట్టి, పైన గెడ్డ పుట్టిన చోటికంటే ఎగువ నుంచి నడిచి వెళ్లేది. నీళ్లకి ఊరి పైనున్న ఊట దగ్గరికే పోయేది, అక్కడ రాతి పగుల్లోంచి వెదురు దోనెలోకి సన్నగా ధార పడేది. మా సంఘంలో బాప్తిస్మాలన్నీ గెడ్డలోనే. నీళ్లు నెత్తిన చల్లడం మా బాప్టిస్టుల పద్ధతి కాదు, పూర్తిగా మునగాలి. ఆ గెడ్డలో ఆమె మునగదు. అంతటితో ఆ మాట అక్కడే ఆగిపోయేది.

నేను బడికి వెళ్లకపోవడానికి కూడా ఆ గెడ్డే కారణం. బడి అవతలి ఒడ్డున కదా, నాయనమ్మ గుమ్మానికి అడ్డంగా కూర్చుని, తను బతికుండగా ఈ గుంట గెడ్డ దాటదని తేల్చి చెప్పేసిందట. మా వైపు ఆడపిల్లని గుంట అంటారు. నాన్నకి కోపం వచ్చిందిట గాని అమ్మ గొడవ పెట్టలేదు. పొయ్యి పక్కన అలికిన నేల మీద బొగ్గు ముక్కతో అక్షరాలు దిద్దించింది, పాటల పుస్తకంతో చదవడం నేర్పింది, కాఫీ పళ్ల బుట్టలతో లెక్కలు నేర్పింది. నాకు వచ్చిన చదువంతా మా అమ్మ ఒడిలోదే, దేవుడికి స్తోత్రం, దానితోనే ఇంతకాలం లోటు లేకుండా నడిచింది. ఇంకొక్క మాట కూడా ఇక్కడే చెప్పాలి. నాయనమ్మ ఊళ్లో అందరినీ పేరు పెట్టి పిలిచేది, పిల్లిక్కూడా ఒక పేరుంది. నన్ను మాత్రం ఎప్పుడూ గుంటా అనే పిలిచేది. అది ముద్దనుకున్నాను.

చిన్నాన్న పెళ్లి కాకముందు సంగతి ఇది. మనసు మంచిది, నోరు తొందరది. ఆ ఏడు కాఫీ పళ్లు కోయడం అయిపోయి, ఎండబెట్టిన గింజ కూడా అమ్మేశాక, ఒక మధ్యాహ్నం వాకిట్లో నాయనమ్మ సామలు చెరుగుతుంటే చిన్నాన్న పక్కన చేరి, నువ్వొక్కదానివే మిగిలిపోయావు, బల్ల దగ్గర మా పక్కన నువ్వు లేకపోతే నాకు రొట్టె దిగడం లేదని నసపెట్టాడు. ఆమె చేట ఆపకుండానే, ఆ మాట తోసిపుచ్చడానికి అన్నట్టు, "ఆ గెడ్డ కాకపోతే నానీపాటికి ఎప్పుడో దిగేద్దునురా" అంది. నాకు ఆ చేట చప్పుడు కూడా గుర్తుంది. అది వద్దనే మాటని నాకు అర్థమైంది, అమ్మకి అర్థమైంది. చిన్నాన్నకి మాత్రం ఆ మాటలో సగమే వినిపించింది.

ఆదివారం కబుర్ల వేళ మా పల్లె తరఫున లేచింది చిన్నాన్నే. ఎవరికో జ్వరం తగ్గిందని చెప్పి, ఇక కూర్చుంటాడనుకుంటే, మొహం వెలిగిపోతుండగా, తన తల్లి కూడా బాప్తిస్మానికి ఒప్పుకుందని చెప్పేశాడు. ఎన్నో ఏళ్లుగా ఆ కబురు కోసం ఎదురుచూస్తున్న వాళ్లు కదా, "విన్నాం" అన్న మాట పెంకులెగిరేటట్టు వచ్చింది. పాస్టరుగారు కళ్లు తుడుచుకున్నారు. ఆడవాళ్లు పాట ఎత్తుకున్నారు. నేను వెనక్కి తిరిగి చూసేసరికి బల్ల చివర ఎవరూ లేరు.

ఇంటికి వచ్చాక నాయనమ్మ అరవలేదు. అరిచినా బాగుండేది. చిన్నాన్న ముందు కంచం పెట్టి, ఎదురుగా కూర్చుని, చాలా నెమ్మదిగా అడిగింది.

"నానొప్పుకున్నానని నీకెవులు సెప్పినారు?"

"నువ్వే కదేటమ్మా, దిగేద్దునన్నావు."

"గెడ్డ కాకపోతే అన్నాను. ఆ ముక్క ఎక్కడ పారేసినావురా?"

చిన్నాన్న ఎత్తిన ముద్దని మళ్లీ కంచంలో పెట్టేశాడు. నాయనమ్మ లేచి, తన గొంగళి దులిపి దండెం మీద వేసి, ఇక ఆ గుడికి తను రానని చెప్పింది. సంఘం విన్నాం అంది, ఇప్పుడు తను దిగకపోతే సంఘం ముందు అబద్ధం అవుతుంది, దిగాలంటే బిడ్డని మింగిన నీళ్లు, ఈ రెండింటి మధ్యా తను కూర్చోలేదు. ఇంట్లోనే పాడుకుంటుంది, దేవుడికి తన ఇల్లు తెలుసు. ఇదీ ఆమె తీర్పు.

తరవాతి ఆదివారం ఆ బల్ల చివర ఖాళీ. ఆ తరవాతదీ అంతే. గుడి ఎవరు అలికారో గాని నేల గరుగ్గా ఉంది, పాటల్లో పైస్థాయి అందుకునే గొంతు లేదు. ఇరవై మంది పాడుతున్నా ఒక్క గొంతు తగ్గితే అంత తెలుస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు. చిన్నాన్న సిగ్గుతో చితికిపోయాడు. పాస్టరుగారి దగ్గరికి వెళ్లి, ఈ ఒక్కసారికి నెత్తిన నీళ్లు చిలకరిస్తే పోదా అని కూడా అడిగాడట. పాస్టరుగారు నవ్వలేదు, కోప్పడలేదు, తల అడ్డంగా ఊపారు. ఆ సంగతి తెలిసి నాయనమ్మే మండిపడింది. "మునిగితే అందర్లాగే మునుగుతాను. నాలుగు సుక్కలు సల్లి సేతులు దులుపుకుంటారేటి" అంది. ఆ మాట పొయ్యి దగ్గర ఊదుతున్న మా అమ్మ చెవిన పడింది. అమ్మ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. కాని ఆ మాటలో ఇష్టం ఎటువైపుందో ఆమె కనిపెట్టింది. మునగడానికి కాదు ఈమె భయం, మునిగే చోటుకి.

మర్నాడు అమ్మ నన్ను వెంటబెట్టుకుని పాస్టరుగారి ఇంటికి వెళ్లింది. వాకిట్లో నిలబడి, గెడ్డలోనే మునగాలని వాక్యంలో ఎక్కడైనా ఉందా అయ్యగారూ అని అడిగింది. పాస్టరుగారు మైదానం నుంచి వచ్చినాయన, మా కొండల్లో చాలా ఏళ్లుగా ఉన్నారు. గెడ్డలోనే అని నేనెప్పుడూ అనలేదమ్మా, మీ పెద్దలు మొదట్నించీ నన్ను అక్కడికే తీసుకెళ్లేవారు, నేనూ వెళ్లేవాణ్ని, మనిషి మునిగేటన్ని నీళ్లుంటే చాలు అన్నారు. అంత సులువైన ప్రశ్న అన్నేళ్లూ ఎవరికీ తట్టలేదు. మా అందరికీ బాప్తిస్మం అంటే గెడ్డ, గెడ్డ అంటే బాప్తిస్మం, రెండూ వేరని ఎవరు అనుకున్నారు గనక.

మా పెరట్లో కాఫీ పళ్లు తొక్క తీశాక గింజ కడిగే సిమెంటు తొట్టి ఒకటి ఉండేది, నడుములోతు. పంట అయిపోయింది కాబట్టి ఎండిపోయి, అడుగున గోధుమరంగు చారలతో, పులిసిన వాసనతో పడి ఉంది. నాన్నా చిన్నాన్నా బూడిదా కొబ్బరిపీచూ పెట్టి రుద్దారు, చిన్నాన్నయితే తన పాపమంతా అందులోనే ఉన్నట్టు రుద్దాడు. చారలు కొంచెం తగ్గాయి, వాసన మాత్రం పోలేదు. అసలు చిక్కు నీళ్లది. ఎండలు మొదలయ్యాయి, ఊట ధార దారంలాగా సన్నబడింది. గెడ్డ నుంచి మోస్తే ఒక పూటలో నిండుతుంది, కాని ఆ నీళ్లలో ఒక్క చుక్క ఉన్నా నాయనమ్మ దిగదు, ఆమెని మోసపుచ్చాలని ఎవరికీ లేదు. ఊట నీళ్లతో నింపాలంటే ఒక ఇంటి తరం కాదు.

అమ్మ ఏ సభా పెట్టలేదు. ఆదివారం కబుర్ల వేళ, ఎన్నడూ లేవని మా అమ్మ లేచింది. ముందుగా తన అత్తని అడిగే వచ్చానని చెప్పింది, దానికి చిన్నాన్న తల నేలకేసి దించుకున్నాడు, ఇద్దరు ముగ్గురు నవ్వు ఆపుకున్నారు. అత్త ఊట నీళ్లలో అయితే దిగుతానంది, మా కాఫీ తొట్టి ఉంది, మా ఇంటి నీళ్లు చాలవు. ఇంతే చెప్పి కూర్చుంది. సంఘం "విన్నాం" అంది. ఈసారి అరిచినట్టు కాదు, తలుపు మెల్లగా తెరిచినట్టు.

ఆ శనివారం పొద్దున్న నేను వాకిట్లో పళ్లు తోముకుంటున్నాను. మంచులోంచి మొదట పాస్టరమ్మగారు వచ్చారు, నెత్తిన బిందె. వెనకే ఇంకొకరు, ఇంకొకరు. సత్తుబిందెలు, మట్టికుండలు, అంబలి కాచే డేగిసాలు, ఒకావిడ ఏమీ దొరక్క ఎండిన ఆనపకాయ బుర్రలో తెచ్చింది. ఆ కాలంలో ఊట దగ్గర వంతులు ఉండేవి, ఒక ఇంటికి ఆ పూటకి వచ్చిన నీళ్లే ఆ రోజంతా. ఆ రోజు వాళ్లందరూ తమ వంతు నీళ్లు తెచ్చి మా తొట్టిలో పోశారు. అంటే ఆ రోజు ఆ ఇళ్లల్లో ఎవరూ స్నానం చేయలేదు, అంట్లు కడగలేదు, అంబలి పలచగా కాచుకున్నారు. ఎవరూ ఆ మాట అనలేదు. దూరపు పల్లె వాళ్లు తమ ఊట నుంచి కొండ దిగి మోసుకొచ్చారు, దారిలో సగం ఒలికిపోయిందని వాళ్ల బాధ. నేను తొట్టి అంచు మీద కూర్చుని ప్రతి బిందే చూశాను. ఈ అల ఎవరిది, ఆ అల ఎవరిదని నాకు తెలిసినట్టే ఉండేది.

నాయనమ్మ గుమ్మంలో కూర్చుని చూస్తోంది. ప్రతి బిందె వంగినప్పుడూ ఆమె పెదవులు కదిలాయి.

ఆఖరున వచ్చింది నాయనమ్మ చిన్ననాటి స్నేహితురాలు. ఆమె మా గుడి మనిషి కాదు, ఊరి దేవతకి మొక్కే ఇల్లు వాళ్లది, జాకరమ్మ పండగ నాడు కోడిని కోసేది ఆవిడ పెనిమిటే. ఆమె నెత్తిన కుండ చూసి నాయనమ్మ మొదటిసారి నోరు తెరిచింది.

"నువ్వెందుకే మోసినావు? మీ ఇంట్లో నిన్ను తిట్టరేటి?"

ఆవిడ కుండ దించలేదు, తిన్నగా తొట్టి దగ్గరికి వెళ్లి, వంచి, ఆఖరి చుక్కదాకా పోసి, అప్పుడు తిరిగింది.

"నీ గుంటని నానూ ఎత్తుకున్నాను కాదేటే. నా కుండొకటి ఎక్కువైపోద్దా?"

నాయనమ్మ లేచి వెళ్లి ఆవిడ తల మీది చుట్టకుదురు తీసి, తడిసిన ఆవిడ జుట్టుని తన కొంగుతో తుడిచింది. నీళ్లు తొట్టి అంచుకి కొంచెం తక్కువలో ఆగాయి. అది చాలన్నారు పాస్టరుగారు.

మర్నాడు ఆరాధన అయ్యాక సంఘమంతా మా పెరట్లోకి వచ్చింది. రాత్రి చలికి నీళ్లు గడ్డకట్టినంత చల్లగా ఉన్నాయి, పాత చారల రంగు దిగి పలచని టీ రంగులోకి మారాయి. పాస్టరుగారు ముందు దిగారు. నాయనమ్మ తెల్లచీర కట్టుకుని తొట్టి గట్టెక్కి, ఒక కాలు నీళ్ల మీదికి చాచి, ఆగింది. పాట ఆగిపోయింది. ఆమె ఆ నీళ్లకేసి చూస్తూనే ఉంది. తరవాత చుట్టూ నిలబడ్డ వాళ్లకేసి ఒక్కొక్కరినే చూసింది, నిన్న ఎవరు ఏ బిందె తెచ్చారో సరిచూసుకుంటున్నట్టు. ఆ చూపు తన స్నేహితురాలి దగ్గర, గోడ పక్కన నిలబడి ఉంది ఆవిడ, అక్కడ ఆగింది. నాయనమ్మ కాలు నీళ్లలో దిగింది.

పాస్టరుగారు అడగవలసింది అడిగారు, ఆమె చెప్పవలసింది చెప్పింది, వెల్లకిలా నీళ్లలో ముంచి లేపారు. పైకి లేస్తూనే ఆమె దగ్గి, మొహం తుడుచుకుని అన్న మొదటి మాట, "నోట్లోకి కాఫీ దిగిపోనాది అయ్యగోరూ." ఏడుస్తున్న వాళ్లు ఏడుస్తూనే నవ్వారు. పాట మళ్లీ మొదలైంది, పైస్థాయి అందుకునే గొంతు ఈసారి చలికి వణుకుతూ తొట్టిలోంచి వచ్చింది.

అందరూ కాఫీ గ్లాసులు పట్టుకుని ఎండలో నిలబడ్డాక, నాన్న తొట్టి అడుగున కన్నంలో కుక్కిన గుడ్డ లాగాడు. నీళ్లు కాలవకట్టి వాలులోకి, సిల్వర్ ఓక్ చెట్ల కింద కాఫీ మొక్కల మధ్యలోంచి పారాయి. నాయనమ్మ తడిచీరతోనే ఆ నీళ్ల వెనక నడిచింది. తుండుగుడ్డ పట్టుకుని నేను ఆమె వెనక నడిచాను. తోట అంచుదాకా వెళ్లింది, అక్కడినుంచి గెడ్డ కనిపిస్తుంది. నాకు తెలిసి ఆమె అంత దగ్గరగా ఎన్నడూ రాలేదు. నీళ్లు రాళ్ల సందుల్లోంచి దిగి కింద గెడ్డలో కలిసిపోతున్నాయి. ఆమె ఆ నీళ్లతో, బడికి పంపే పిల్లతో మాట్లాడినట్టు, మెల్లగా అంది. "ఎల్లు. దాని కాడికే ఎల్లు."

కాలవ ఆగి, రాళ్ల మీద తడి మాత్రం మిగిలేదాకా అక్కడే నిలబడింది. తరవాత నా చేతిలోంచి తుండుగుడ్డ తీసుకుని తల తుడుచుకుంది.

ప్రభువు బల్ల ఆదివారం ఆమె లేవలేదు. రొట్టె ముక్క రెండు చేతులతో అందుకుంది, చిన్నాన్న తన ముక్క పట్టుకుని ఆమె తినేదాకా ఆగాడు. నేనొక్కదాన్నే మెట్టు మీద కూర్చున్నాను, ఆ రోజు ఉసిరిముక్క లేదు, అయినా అంత సంతోషంగా ఎప్పుడూ కూర్చోలేదు. కాని చెప్పవలసింది అంతకుముందే జరిగింది. కబుర్ల వేళ నాయనమ్మ ముందు బల్ల అంచు పట్టుకుని లేచింది. అన్నేళ్లలో కబురు చెప్పడానికి ఆమె లేవడం అదే మొదలు.

"నా పెద్దకూతురు గెడ్డలో పోనాది" అని, ఒక పేరు చెప్పింది. అది నా పేరు.

గుడిలో నాన్న తల వంచుకున్నాడు. పుట్టినప్పుడు ఆ పేరు నాకు నాన్న పెట్టాడని, దాన్ని నాయనమ్మ నోటితో పలకలేకపోయిందని, అందుకే నేను గుంటనయ్యానని, అప్పుడు ఆ ఒక్క క్షణంలో నాకు తెలిసింది. "ఇన్నేళ్లూ నాను సెప్పలేదు. మీరు అడగనూ లేదు. ఇప్పుడు సెప్తన్నాను" అంది ఆమె. ఆ కబురు మా నాన్నకంటే వయసులో పెద్దది. అయినా నిన్న సాయంత్రం జరిగినట్టే సంఘమంతా "విన్నాం" అని, మోకాళ్ల మీద వంగింది. ఆ సాయంత్రం చోడి అంబలి పట్టుకుని మా గుమ్మంలోకి ఎంతమంది వచ్చారో, పొయ్యి వెలిగించే పని లేకపోయింది. గెడ్డకి నన్ను వెళ్లనివ్వడానికి ఇంకా చాన్నాళ్లు పట్టింది గాని, ఆ రోజు నుంచి నాయనమ్మ నన్ను నా పేరుతోనే పిలిచింది, రోజుకి అవసరమున్నదానికంటే ఎక్కువసార్లు.

ఇప్పుడు మా గుడికి స్లాబు ఉంది, మైకు ఉంది, గెడ్డ మీద వంతెన ఉంది, పిల్లలు సైకిళ్ల మీద బడికెళ్తున్నారు, అన్నిటికీ దేవుడికి వందనాలు. కబుర్లు ఫోను గ్రూపులో వస్తున్నాయి. నా మోకాలి నొప్పి సంగతి మనవడు అందులో పెట్టగానే పార్వతీపురంలో ఉన్న మా చెల్లెలు అదే నిమిషంలో ప్రార్థన చేసిందట. అది చిన్న విషయమని నేననను. కాని ఆ గ్రూపులో ఒక కబురు కింద జోడించిన చేతుల బొమ్మలు వరసగా వచ్చి పడతాయి, ఇంకో కబురు వచ్చి దాన్ని పైకి తోసేస్తుంది. ఎవరు విన్నారో, ఎవరు వేలితో అలా నొక్కి ఊరుకున్నారో తెలియదు. గుమ్మంలో అంబలి గిన్నె కనిపిస్తే తెలిసేది.

పోయిన ఆదివారం కొత్త తొట్టి నిండి మోటారు ఆగాక, పెద్దదాన్నని నన్ను ప్రార్థన చేయమన్నారు. లేచాను గాని వెంటనే కళ్లు మూసుకోలేదు. ముందు తొట్టి నీళ్లు వదిలితే ఎటు పోతాయని అడిగాను. గొట్టం వేసిన కుర్రాడు, తిన్నగా గెడ్డలోకే అమ్మమ్మా అన్నాడు. మంచిది నాయనా అన్నాను. తరవాత పాతకాలంలోలాగా ఒక కబురు చెప్పాను. వచ్చే నెల మా మనవరాలు ఈ నీళ్లలో దిగుతుందని, ఆ మాట అది తన నోటితో చెప్పిందేనని, సగం విని నేను చెప్పేస్తున్నది కాదని అన్నాను. ఎందుకన్నానో కుర్రకారుకి అర్థం కాలేదు, మర్యాదగా చప్పట్లు కొట్టారు.

చప్పట్లు ఆగాక, కుర్చీల వరస చివర, మంకీటోపీ పెట్టుకుని కర్ర మీద గడ్డం ఆనించుకుని కూర్చున్న మా చిన్నాన్న తల ఎత్తాడు. ఆయనకి ఇప్పుడు చెవులు సరిగా పనిచేయవు. అయినా మొదట్నించీ చివరిదాకా వినే ఉంటాడు, ఆ మొహం చూస్తే తెలిసింది. అంత జనంలో ఆయనొక్కడే, పలచబడిన గొంతుతో అన్నాడు.

"విన్నాం."